దేవనహళ్ళి పుట్టిల్లు

ఆషాఢం వస్తుందంటే నా గుండెల్లో రాయి పడుతుంది. నాకు పంచాంగం అక్కరలేదు. చిక్కపేటలో చీరల కొట్ల ముందు ఆషాఢం తగ్గింపు అని బ్యానర్లు కడతారు కదా, అవి చాలు. మా కొట్టుకూ కడతాం. నిలువెత్తు అక్షరాలు. మధ్యాహ్నం మా ఆయనకు క్యారియరు తీసుకుని ఆ బ్యానరు కిందనుంచే లోపలికి పోతాను. ఒక్కనాడూ తలెత్తి చదవలేదు. ఆ మాట ఒకప్పుడు నా నోట్లోంచి రావలసింది. రాలేదు.

ఇన్నేళ్ళూ మింగలేక కక్కలేక ఉన్నాను. ఎవరికి చెప్పను? మా ఆయనకు చెబితే, ఇప్పుడెందుకే అవన్నీ అంటాడు. గుళ్ళో నిలబడి చెప్పుకున్నాను, దేవుడు ఏమీ అనలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే మేలు. సొంత పేర్లు రాయను. రాస్తే ఒక సంసారం కూలిపోతుంది. అది నా కూతురి సంసారం.

నాకొక తమ్ముడు. నాకంటే చాలా చిన్న. మా అమ్మ పోయేనాటికి వాడు ఇంకా నిక్కర్ల పిల్లవాడు. నాకు అప్పటికే పెళ్ళయి చంకలో కూతురు ఉంది. వాణ్ణి తెచ్చి మా ఇంట్లోనే పెట్టుకున్నాను. మా ఆయన పల్లెత్తు మాట అనలేదు. అలా నేను వాడికి అక్కనూ అయ్యాను, అమ్మనూ అయ్యాను.

మావాళ్ళు ఎప్పుడో సరిహద్దు పల్లెల నుంచి వచ్చి బెంగళూరు పేటలో పాతుకుపోయిన తెలుగువాళ్ళు. మాలో అక్క కూతురు తమ్ముడిదే. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు, అది అంతే. మా పాప పుట్టినప్పుడు అమ్మ దాన్ని తీసి వాడి ఒళ్ళో పెట్టి, "ఇదోరా నీ పెండ్లాం, కింద పడేస్తావు, గట్టిగా పట్టుకో" అంది. వాడు సిగ్గుతో ఏడుపు మొహం పెట్టాడు. సందులోవాళ్ళంతా నవ్వారు. అందరూ ఆ నవ్వు అప్పుడే మరచిపోయారు. నేను దాన్ని మూట కట్టి దాచుకున్నాను.

వాడు చదువుకుని బొమ్మసంద్రలో యంత్రాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో చేరాడు. తొంభైల నడుమ కంపెనీవాళ్ళు ట్రైనింగుకని ఏడాదిపాటు జపాను పంపారు. తిరిగొచ్చినప్పటినుంచీ వాడి వాలకమే మారింది. పిలిస్తే పలికేవాడు కాదు. కొన్నాళ్ళకు ఆమె వచ్చింది. ఆమెను ఇక్కడ హన అంటాను. అక్కడ వాడికి భాష నేర్పిన అమ్మాయట. ఇద్దరూ నా ముందు నిలబడి, పెళ్ళి చేసుకుంటామన్నారు.

నేను కాదనలేదు. అది నా మంచితనం అనుకోకండి. కాదంటే వాడు ఆమె వెంట జపాను పోతాడని భయం. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలయ్యాయి, గుళ్ళో తాళి కట్టించాను. ఆ తాళి నేనే కొన్నాను. నవ్వుతూ అక్షింతలు వేశాను. లోపల ఉడికిపోతున్నాను. నా కూతురు అప్పుడు కాలేజీలో చేరిన పిల్ల. కొత్త అత్త జడకు మల్లెపూలు పెట్టింది. పెట్టి, లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు. నేను దాని వెనకాల వెళ్ళలేదు. దాని కోసమే నాకు కోపం అని చెప్పుకున్నాను. దాని కోసమేనా? ఇల్లు నా చేతుల్లోంచి జారిపోతుందని కాదూ? ఇప్పటికీ సరిగా చెప్పలేను.

హనలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అదే నాకు మంట. రాగిసంగటి మింగడం వారంలో నేర్చుకుంది. నన్ను వదినా అని పిలవడం ఎవరు నేర్పారో గానీ, ఆ మాటను రెండు ముక్కలు చేసి మెల్లగా పలికేది. ఇంకొకటి చేసేది. మేం గడప ముందు చెప్పులు ఎలా పడితే అలా విడిచి లోపలికొస్తాం. ఆమె వంగి అందరివీ జతలు చేసి, ముందువైపు వీధికి ఉండేలా తిప్పి పెట్టేది. మళ్ళీ వేసుకునేటప్పుడు సులువుగా ఉంటుందని, వాళ్ళ దేశంలో అది మర్యాద అని తమ్ముడు చెప్పాడు. నాకు మాత్రం మా ఇంట్లోంచి మమ్మల్నే పొమ్మన్నట్టు ఉండేది. "చూడండి, మనల్ని గెంటేస్తాంది" అని మా ఆయనతో అన్నాను. ఎవరు ఎవరిని గెంటారో చెప్పడానికే ఇదంతా.

ఆమె వచ్చింది టూరిస్టు వీసా మీద. ఇక్కడే మొగుడితో కాపురం చేయాలంటే పెళ్ళి చూపించి ఎక్కువకాలం ఉండే వీసా తీసుకోవాలి. తమ్ముడు ఫ్యాక్టరీకి సెలవులు పెట్టి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఫోటోలు, సంతకాలు, మళ్ళీ రండి, రేపు రండి. అన్నీ అయ్యాయి. చివరికి ఒక్కటే మిగిలింది. స్టేషన్ నుంచి పోలీసు మనిషి ఇంటికొచ్చి, ఆలుమగలు ఇక్కడ కలిసి ఉంటున్నారా అని విచారించి పోవాలి. అంతే.

అంతలో ఆషాఢం వచ్చింది.

మీకు తెలియనిదేముంది, కొత్త కోడలు మొదటి ఆషాఢం అత్తగారింట్లో ఉండకూడదు. మొగుడికి దూరంగా పుట్టింటికి పోవాలి. మా ఇంట్లో అత్త లేదు, ఆ స్థానంలో నేనున్నాను. పుట్టిల్లంటారా, అది సముద్రం అవతల ఉంది. తమ్ముడు నసిగాడు. "ఈ ఒక తూరికి వద్దక్కా. ఇంకా పోలీసోళ్ళ పని ఉండాది" అన్నాడు. "అమ్మ ఉండింటే ఆమెతోనూ ఇట్లే అంటావా?" అన్నాను. వాడు నోరు మూసుకున్నాడు. అమ్మ పేరెత్తితే వాడు నోరు మూసుకుంటాడని నాకు బాగా తెలుసు.

పుట్టిల్లు నేనే కుదిర్చాను. దేవనహళ్ళిలో కోటకు దగ్గరగా మా పెద్దమ్మ ఉండేది, పిల్లాజెల్లా లేని మనిషి. అప్పట్లో అక్కడ విమానాలూ లేవు, వెడల్పు రోడ్లూ లేవు. పెరట్లో ఒక చకోత చెట్టు, మీరు పంపరపనస అంటారే అది, తలకాయంత కాయలు. ఒక నెల ఈ పిల్లకు అమ్మగా ఉండు అంటే పెద్దమ్మ మురిసిపోయింది. హన అంతకంటే మురిసింది. ఆమెకు ఇదంతా ముచ్చటగా ఉంది. బస్సులో నా పక్కన కూర్చుని, "వదినా, నాకు ఇక్కడ కూడా అమ్మ" అంది. పెద్దమ్మ గుమ్మంలోనే దిష్టి తీసి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. నేను తిరుగు బస్సెక్కాను. ఆ రోజుకు నా మనసులో ఏ పాపమూ లేదని ప్రమాణం చేసి చెప్పాలనుంది. చెయ్యలేను.

పోలీసాయన వచ్చినప్పుడు తమ్ముడు ఫ్యాక్టరీలో, మా ఆయన కొట్లో ఉన్నారు. నడివయసు మనిషి, కోలారు వైపు ఆయన, మా తెలుగే మాట్లాడాడు. కుర్చీ వేశాను. లోపలికి తల తిప్పి, కాఫీ అని కేకేశాను. ఆయన చెమట తుడుచుకుని, పెన్ను తీసి, తీరిగ్గా అడిగాడు.

"ఏమక్కా, ఆ జపాను పాప ఈడనే ఉండాదా?"

"లేదప్పా, ఈడ లేదు."

"మొగుడు?"

"మా తమ్ముడే. వాడు ఈడనే ఉండాడు."

"మరి ఇద్దురూ ఒగచోట లేరా?"

"లేరు."

ఆయన పెన్ను ఆగింది. తలెత్తి నా మొహం చూశాడు. పాపం, మంచి మనిషి. రాసుకుని పోవచ్చు, పోలేదు. కాస్త గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమన్నా గలాటానా అక్కా?"

నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. నిట్టూర్చాను. కొంగుతో మొహం తుడుచుకున్నాను. ఆయన తల ఆడించాడు. ఆ వయసు మగవాళ్ళకు ఆ నిట్టూర్పు బాగా అర్థమవుతుంది. కాఫీ వచ్చింది, తాగాడు. "ఈ పరదేశం పెండ్లిండ్లు ఇంతేలేక్కా" అని నన్ను ఓదార్చి పోయాడు.

చూశారా, నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఆమె ఇంట్లో లేదు, నిజం. వాడు ఉన్నాడు, నిజం. ఇద్దరూ ఒకచోట లేరు, అదీ నిజం. ఎన్నేళ్ళు ఈ మూడు నిజాలూ పట్టుకుని వేలాడానో! ఆషాఢం అని ఒక్క మాట అని ఉంటే ఆయన నవ్వేవాడు. ఆయన ఇంట్లోనూ కూతుళ్ళో కోడళ్ళో ఉండే ఉంటారు. కోలారులో ఆషాఢం తెలియనివాడు ఎవడు? కలిసే ఉన్నారని రాసుకుని, కాఫీ బాగుందని చెప్పి పోయేవాడు.

ఇంతదాకా చదివి, పాపం ఆడమనిషి, పోలీసును చూసి తడబడింది అనుకుంటున్నారేమో. అనుకోకండి. అసలుది ఇంకా చెప్పలేదు. ఇన్నేళ్ళ తరవాత రాస్తూ కూడా దాన్ని పక్కకు తోయాలని చూశాను. ఆ వారం మొదట్లో తమ్ముడు ఫ్యాక్టరీ బస్సుకు పోతూ గడపలో ఆగి నాతో అన్నాడు, "అక్కా, పోలీసోళ్ళు ఎవరన్నా వస్తే ఆషాఢానికి దేవనహళ్ళి పోయిండాదని చెప్పు, చాలు." ఆ మాట నా నోట్లో పెట్టి మరీ పోయాడు. నేను సరే అన్నాను. అంటూ వాడి చొక్కా కాలరు సరిచేశాను కూడా. కాబట్టి తడబాటు కాదు. మరచిపోవడమూ కాదు. పోలీసాయన నా మొహం చూసినంతసేపూ ఆ మాట నా నాలుక మీదే ఉంది. నేను దాన్ని మింగాను.

ఆషాఢం అయిపోయింది. హన రెండు చకోతకాయలు సంచిలో పెట్టుకుని నవ్వుతూ వచ్చింది. వచ్చీరాగానే గడప ముందు చెప్పులు సర్దింది. శ్రావణమాసం పూజకు ఏం చీర కట్టుకోవాలని నన్నడిగింది. ఆ పూజ దాకా కూడా ఆమెను ఉండనివ్వలేదు. ఇద్దర్నీ ఆఫీసుకు పిలిచారు. ఆలుమగలు కలిసి ఉండటం లేదని ఇంటివాళ్ళే చెప్పారట, ఇక్కడ వీసా పొడిగించడం కుదరదు, మీ దేశం పోయి అక్కడినుంచి మళ్ళీ అర్జీ పెట్టుకోండి అన్నారు. తమ్ముడు ఎంత మొత్తుకున్నా వినలేదు. అక్కడివాళ్ళ తప్పేముంది? వాళ్ళ ముందున్నది అది.

ఇంటికొచ్చారు. హన నా ముందు నిలబడింది. కోపం లేదు, ఏడుపు లేదు. తెలుగు ముక్కలు ఏరుకుంటూ అడిగింది.

"వదినా, మీరు చెప్పారా?"

"నేనేమిటికి చెప్తాను?" అన్నాను.

ఇది అబద్ధం. ఇక్కడ మూడు నిజాలూ లేవు, ముసుగూ లేదు. కానీ ఆమె ఇంకో మాట అడగకముందే తమ్ముడు నాకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "మా అక్క అట్లా చెప్పదు. వాళ్ళు ఏదో మనసులో పెట్టుకుని రాసుంటారు" అని ఆమెతో వాళ్ళ భాషలోనూ మన భాషలోనూ గట్టిగా అన్నాడు. నన్ను సాకిన మనిషిని అనుమానిస్తావా అని కూడా అన్నాడనుకుంటాను, నాకు అర్థమైనంతవరకు. ఆమె నన్ను చూసింది. నేను ఆమె కళ్ళలోకి చూశాను, ఎలా చూశానో నాకే తెలియదు. ఆమెకు అంతా తెలిసిపోయింది. తెలిసీ, నడుము వంచి నాకు దండం పెట్టింది. "క్షమించండి వదినా" అంది.

తప్పు చేసింది నేను. క్షమించమని అడిగింది ఆమె. ఆ వంగిన తల ఇప్పటికీ నా కళ్ళముందు లేవలేదు. దేవుడి ముందు వంగినప్పుడు కూడా నాకు అదే కనిపిస్తుంది.

వెళ్ళిన రోజు ఉదయం కూడా చెప్పులు సర్దింది. తన చెప్పులు వేసుకున్నాక మిగిలినవి దగ్గరికి జరిపి సందు లేకుండా చేసింది. పాత విమానాశ్రయం నుంచి తమ్ముడు ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ రోజు వాడు అన్నం తినలేదు. నేను కలిపి ముద్దలు పెట్టాను. పెట్టాను, నిజంగానే. ఆ చేత్తోనే.

మళ్ళీ అర్జీ పెట్టుకుంటే ఎప్పటికో వీసా వచ్చేదేమో. మరి ఆమె ఎందుకు తిరిగి రాలేదని మీరడుగుతారు. వీసా అడ్డం కాదు. వాడు టెలిఫోను బూత్‌లో నిలబడి మాట్లాడేవాడు. మొదట్లో మొహం వెలుగుతో వచ్చేవాడు, తరవాత్తరవాత గోడల్ని చూస్తూ వచ్చేవాడు. ఆమె మళ్ళీ ఈ ఇంటికి రానంది. వేరే ఇల్లు తీసుకుందామంది. వాడు, మా అక్క ఏం తప్పు చేసిందని వేరే పోదామంటావు అన్నాడు. అది నాకు వాడే చెప్పాడు, నా మీద ప్రేమతో చెప్పాడు. నేను ఆ రోజు నోరు తెరిచి ఉంటే ఇంకా కాలం మించిపోలేదు. వాడు నన్ను తిట్టేవాడు, కొట్టినా కొట్టేవాడు, కానీ పెళ్ళాన్ని తెచ్చుకునేవాడు. నేను ఏం చేశాను? "నీ ఇష్టం నాయనా, నా గురించి ఆలోచించొద్దు" అన్నాను. అంతకంటే పెద్ద సంకెల లేదని తెలిసే అన్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా తమ్ముడు ఈశ్వరుడు కూడా కాదు, నన్ను నమ్మిన పిల్లవాడు.

చివరికి విడాకులయ్యాయి. కొన్నేళ్ళు గడిచాయి. మా పాపకు వచ్చిన సంబంధాలకు నేనే ఏదో ఒక వంక పెట్టాను. ఒక రోజు తమ్ముణ్ణి కూర్చోబెట్టి అడిగాను. "నీ ఇష్టం అక్కా" అన్నాడు. పాపను అడిగాను. అది తల వంచుకుంది. రెండువేల సంవత్సరం దాటాక వాళ్ళ పెళ్ళి చేశాను. తమ్ముడు అల్లుడయ్యాడు. నేను అనుకున్నదంతా జరిగింది. సంతోషించాలి కదా? సంతోషించాను కూడా, కొన్ని నెలలు.

మళ్ళీ ఆషాఢం వచ్చింది. ఈసారి చిక్కు చూడండి. పెళ్ళికూతురి పుట్టిల్లూ అత్తిల్లూ ఒకటే, మా ఇల్లే. దాన్ని ఎక్కడికి పంపను? "పాప ఈడనే ఉండనీక్కా, నేనే పోతాను" అన్నాడు తమ్ముడు. ఎక్కడికంటే దేవనహళ్ళికి. ఆ పెద్దమ్మ ఇంటికే. నేను వద్దనలేకపోయాను. ఏమని వద్దంటాను?

నెలంతా అక్కణ్ణుంచే ఫ్యాక్టరీకి తిరిగాడు, ఊరు ఈ చివరినుంచి ఆ చివరికి. హన పడుకున్న గదిలోనే పడుకున్నాడు. పెద్దమ్మ వాడికి ఏమేం చెప్పిందో నాకు పూర్తిగా తెలియదు. ఒక్కటి మాత్రం తరవాత నాతోనూ చెప్పింది. "ఆ పిల్ల దినామూ అడిగేదే, ఆషాఢం ఎప్పుడు అయిపోతాది పెద్దమ్మా అని. మొగుడి మీద అంత బెంగ పెట్టుకున్నదాన్ని గలాటా పెట్టుకుని పోయిండాదని ఎవరు రాసినారో, వాళ్ళ చేతులు పడిపోను" అంది. చేతులు పడిపోవలసింది రాసినవాడివి కాదని నేను పెద్దమ్మకు చెప్పలేదు. ఆమె కూడా పోయింది.

తమ్ముడు ఆషాఢం ముగిసి ఇంటికొచ్చాడు. నన్ను ఒక్క మాటా అడగలేదు. గడప ముందు ఆగాడు. వంగి, తన చెప్పులు విడిచి, మా అందరివీ జతలు చేసి, వీధివైపు తిప్పి పెట్టాడు. అప్పటినుంచీ రోజూ అదే పని. నేను లోపలినుంచి చూస్తుంటాను. వాడికి తెలుసా? తెలిసే నన్ను అక్కా అని పిలుస్తున్నాడా? లేక అది ఉత్త జ్ఞాపకమా? అడగడానికి నాకు నోరు రాదు. ఒక్కసారి వాడే అడిగితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

వాళ్ళకొక కూతురు. నన్ను అవ్వా అని పిలుస్తుంది, బడినుంచి రాగానే నా ఒళ్ళోనే కూర్చుంటుంది. ఈ పిల్లే నాకు పెద్ద శిక్ష. నేను చేసింది చేయకపోతే ఇది లేదు. దీన్ని చూస్తూ, అయ్యో అలా జరగకుండా ఉండి ఉంటే అని ఎలా అనుకోను? అనుకోకుండా ఎలా ఉండను? పశ్చాత్తాపపడే హక్కు కూడా లేకుండా పోయింది నాకు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నా అడుసులో నా మనవరాలు మొలిచింది.

ఇప్పుడు దేవనహళ్ళిలో కొత్త విమానాశ్రయం వచ్చింది. పెద్దమ్మ ఇల్లున్న సందు మీదుగా విమానాలు పోతున్నాయట. ఆ సంగతి విన్నప్పటినుంచి నా గుండె మరీ బరువెక్కింది. మొన్న ఆషాఢం మొదట్లో, పాపా నేనూ ఉతికిన బట్టలు మడతపెడుతుంటే, ఇంక తట్టుకోలేక నోరు తెరిచాను.

"పాపా, హన పోయింది కదా, దాంట్లో నీతో ఒకటి చెప్పల్ల" అన్నాను.

అది మొగుడి చొక్కా మడతపెడుతోంది, వాణ్ణి ఇప్పటికీ మామ అనే పిలుస్తుంది. చెయ్యి ఆపలేదు.

"నాకు తెలుసులేమ్మా. ఆ పొద్దు పోలీసాయప్పకు కాఫీ కలిపింది నేనే కదా" అంది.

కాఫీ అని కేకేసింది గుర్తుంది, గ్లాసు ఆయన చేతికిచ్చింది గుర్తుంది. కలిపింది ఎవరో ఇన్నేళ్ళలో ఒక్కసారీ నా తలకు తట్టలేదు. తలుపు వెనక నిలబడి అది అంతా విన్నది. అప్పుడది ఎంత పిల్ల! నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్న మూటకు రెండో కొన పట్టుకుని, ఆ మొగుడితోనే ఇన్నేళ్ళు కాపురం చేసింది.

"నువ్వేమిటికి చెప్పలేదే?" అన్నాను.

"నాకూ ఆ పొద్దు సంతోషమైందమ్మా" అంది. ఇంకో చొక్కా అందుకుంటూ, "మామకు మాత్రం చెప్పొద్దు" అంది. మడతపెట్టిన బట్టలు ఎత్తుకుని లోపలికి పోయింది.

కూతురు చెప్పొద్దంది. తమ్ముడు అడగడు. పెద్దమ్మ లేదు. హన ఎక్కడుందో, మళ్ళీ పెళ్ళి చేసుకుందో లేదో, మా ఇంట్లో ఎవరికీ తెలియదు. క్షమించమని అడగడానికి నాకు మనిషి లేదు, అడిగే మొహమూ లేదు. అందుకే మీ ముందు కూర్చున్నాను. మీరేమీ అనక్కరలేదు. ఆ పోలీసాయన పెన్ను ఆపి నా మొహం చూస్తున్నాడు చూడండి, ఇన్నేళ్ళుగా అలాగే చూస్తున్నాడు. ఆయనకు జవాబు చెప్పి లేస్తాను.

"ఆషాఢమప్పా. కొత్త పెండ్లికూతురు. దేవనహళ్ళిలో పుట్టింటికి పంపించినాం. నెల తిరిగితే వచ్చేస్తాది."